రోజుకెంత నడుస్తది?

మా నాన్న ఇరవై రెండేళ్లుగా కార్లు నడుపుతున్నారు. ఒక్కటీ మాది కాదు. ఈ ఏడాది నానమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలయ్యాక, చిట్టీ ఎత్తి సెకండ్ హ్యాండ్ కారు కొందామన్నారు. లాల్ దర్వాజాలో మా గల్లీ దాకా క్యాబ్ రాదు. ఆటో ఎక్కితే నానమ్మ నడుము పట్టేస్తుంది.

నాన్న మనసు 2013 డీజిల్ స్విఫ్ట్ మీద పడింది. "డీజిల్ పికప్పే వేరురా" అన్నారు. మెకానికల్ థర్డ్ ఇయర్ కదా, నేనూ ఊరుకోలేదు. కంప్రెషన్ రేషియో ఎక్కువ, అందుకే ఎఫిషియెన్సీ ఎక్కువ అని అన్నం తింటూ క్లాసు పీకాను. పైగా అందులో ఉన్నది ఫియట్ 1.3 లీటర్ మల్టీజెట్. స్విఫ్ట్ నుంచి ఇండికా విస్టా దాకా ఎన్నో బండ్లలో వచ్చి 'నేషనల్ ఇంజిన్' అనిపించుకుంది.

శాలిబండలో మెకానిక్ చాచాకి చూపించాం. అంతా చూసి, "బండి మంచిగనే ఉంది. రోజుకెంత నడుస్తది?" అన్నాడు.

ఆ ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. ఆసుపత్రి ఆరు కిలోమీటర్లు. అన్నీ కలిపినా నెలకి 300 దాటవు. నాన్న నడిపే ఓనర్ల బండ్లు నెలకి మూడు వేలు తిరుగుతాయి. డీజిల్ లాభం వాళ్లకి.

ఇంటికొచ్చి లెక్కేశా. సిటీలో పెట్రోల్ బండి లీటరుకి 15, డీజిల్ 18 ఇస్తాయనుకుందాం. లీటరు ధరలు అప్పుడు సుమారు 107, 95 రూపాయలు. నెలకి మిగిలేది 560 లోపే. డీజిల్ బండికి 40 వేలు ఎక్కువ అడుగుతున్నారు. అది రాబట్టుకోడానికి ఆరేళ్లు. 2028కే బండికి పదిహేనేళ్లు నిండి, ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఈలోగా టర్బోనో ఇంజెక్టర్లో పోతే, మిగిలిందంతా ఒక్క బిల్లుకే సరి. పైగా చిన్న చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకుంటుంది.

నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే పెట్రోల్ వ్యాగన్ఆర్ ఒకటి చూసొచ్చారు. 998 సీసీ, మూడు సిలిండర్లు, టైమింగ్ చైన్. ఎత్తుగా ఉంటుంది కాబట్టి నానమ్మ వంగకుండా ఎక్కొచ్చు.

పొద్దున మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కి చాచా ముందే చెప్పించాడు. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాడు. వేడి ఇంజిన్ రోగం దాస్తుందట. ఆయిల్ మూత తీసి లోపల మీగడలాంటి తెల్లటిది లేదని చూసుకున్నాడు. అది ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. స్టార్ట్ చేయించి పొగ చూశాడు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. రాలేదు. సర్వీస్ బిల్లుల్లోని కిలోమీటర్లు మీటర్‌తో సరిపోయాయి. అప్పుడే "తీస్కోండి" అన్నాడు.

మొదటిరోజు ఆసుపత్రికి బయల్దేరుతుంటే, నాన్న అలవాటుగా వెనక డోర్ తెరిచి పట్టుకుని నిలబడ్డారు. నానమ్మ చూసి, "నీ బండే కదరా, నేను ముందు కూసుంట" అంది.