బుద్ధి ఆయనదే, సీసా ఎవరిది?

"ఈయన బుద్ధే మంచిగ లేదు సారూ." చేతులు తువ్వాలుతో కట్టేసిన భర్తను ఆటోలోంచి దించుతూ ఆవిడ అన్న మొదటి మాట. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వినని వారం లేదు.

ఆయన తాపీ మేస్త్రీ. గాల్లో లేని దారాలు ఏరుతున్నాడు. నాలుక మీద పంటిగాటు, అంటే రాత్రి మూర్ఛ వచ్చింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించడంలో రెండు రోజులు పోయాయి. అడగ్గా అడగ్గా చెప్పింది: ఊళ్లో కల్లు దుకాణం బందయి నాలుగు రోజులు.

కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అలవాటుపడ్డ మెదడుకు అవి ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, భ్రమలు, మూర్ఛలు. వైద్యం: అదే జాతి మందు కొలిచి ఇచ్చి, వారాల తరబడి తగ్గించుకుంటూ రావడం. అయిదో రోజున భార్యను గుర్తుపట్టి, "తిన్నవా?" అని అడిగాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకూ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ ఇలాంటివాళ్లు వరస కట్టారు. ఒకే నెలలో ఇన్ని ఊళ్లలో అందరి బుద్ధీ కూడబలుక్కుని చెడిందా?

తప్పంతా మనిషి మీదే వేయడంలో మా వైద్యులూ తక్కువేం తినలేదు. నేరస్తుడు పుట్టుకతోనే అంతని, పుర్రెలూ దవడలూ కొలిచి 1876లో పుస్తకం రాసిన లాంబ్రోసో వైద్యుడే. ఒంటరిగా చేసుకునే ఆత్మహత్యకు కూడా సమాజపు అల్లికలో కారణాలున్నాయని 1897లో లెక్కలతో వాదించిన దుర్ఖైమ్ వైద్యుడు కాడు. నిజమే, ఒకే దుకాణంలో తాగిన పదిమందిలో ఒకరికే మూర్ఛ రావచ్చు. అది ఒంటి తత్వం, మోతాదు. కానీ ఆ పదిమందినీ అక్కడికి చేర్చినవి రెక్కల కష్టం, ఒళ్లునొప్పులు, చౌకగా దొరికే సీసా.

ఇంత తెలిసీ డిశ్చార్జి రోజున నేనేమన్నాను? "మళ్లీ తాగితే నా గడప తొక్కకు!" మూడు నెలలకు తొక్కాడు, వణుకుతూ. అప్పుడడిగాను, పని నుంచి ఇంటికి ఏ దారిన పోతావని. "ఉన్నదొక్కటే తొవ్వ సారూ. కల్లు దుకాణం ముంగటి నుంచే."

కేసు షీట్లో పేరుకూ, వయసుకూ, అలవాట్లకూ గడులున్నాయి. దుకాణానికి లేదు.

మీ ఇంట్లో కల్లు ఆగిన ఒకటి రెండు రోజులకే ఎవరికైనా వణుకు మొదలైతే, బుద్ధి పంచాయితీ తర్వాత పెట్టుకోండి. ముందు ఆసుపత్రికి తీసుకురండి. ఏ దుకాణంలో తాగారో కూడా చెప్పండి. గడి లేకపోతే అంచున రాసుకుంటాను.