ఫెడోరా లారీలో ఉబుంటు సరుకు

మొన్న సంక్రాంతికి సాలూరు వెళ్ళినప్పుడు, కొండమీది బడిలో పది ఉబుంటు కంప్యూటర్లకి సాఫ్ట్‌వేర్లు ఎక్కించే పని నెత్తినేసుకున్నా. అక్కడ నెట్ అంతంతమాత్రం. నా లాప్‌టాప్‌లోనేమో ఫెడోరా. "ఆర్పీఎం వాడి దగ్గర డెబ్ రిపాజిటరీ ఏంట్రా?" అని మా అన్నయ్య వెటకారం.

నిజానికి రిపాజిటరీ అంటే కొన్ని ఫైళ్ళూ, వాటి జాబితా. అంతే! ముందే దించుకున్న డెబ్ ఫైళ్ళని ఒక ఫోల్డర్లో పడేసి, ఫెడోరాలోనూ దొరికే డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్‌తో జాబితా తయారుచేసి, పైథాన్ వెబ్ సర్వర్ నడిపా. ఆప్ట్ కిమ్మనకుండా తీసుకుంది. మా ఊరి లారీలు ఘాట్ ఎక్కి ఒడిషా పోతాయి. లారీ ఏ కంపెనీదైతే సరుక్కేంటి?

నేను తప్పు చేసింది సంతకం దగ్గర. తొందరలో సోర్సెస్ ఫైల్లో 'ట్రస్టెడ్=యెస్' అని రాసేసి ఇంటికొచ్చేశా. అంటే, నా ఐపీ అడ్రసు పెట్టుకుని ఎవడు ఏ ప్యాకేజీ ఇచ్చినా ఆ కంప్యూటర్లు రూట్ హక్కులతో ఎక్కించేసుకుంటాయన్నమాట. రాత్రి నిద్ర పడితే ఒట్టు. పొద్దున్నే మళ్ళీ కొండెక్కి, రిలీజ్ ఫైలుకి జీపీజీ సంతకం పెట్టి, పబ్లిక్ కీ పదింటిలోనూ వేసి, ఆ ముక్క చెరిపేశా.

లారీ ఎవరిదైనా ఫర్లేదు గానీ, వేబిల్లు దొంగదైతే మాత్రం కష్టం. మీ ఆఫీసు సర్వర్లలో ఆ 'ట్రస్టెడ్=యెస్' ఎక్కడైనా మిగిలిపోయిందేమో, ఓసారి చూసుకోండి మరి :)