వద్దన్నా వచ్చే జ్ఞాపకం

పోయిన వానాకాలం వాగు దాటుతుంటే మా దూడ కొట్టుకుపోయింది. పలుపు నా చేతిలోంచే జారింది. హాస్టల్లో లైట్లు ఆర్పగానే అదే గుర్తొచ్చేది. తప్పు నాదే అనిపించేది. అన్నం సయించేది కాదు.

సైన్సు సారుకి చెప్పుకున్నాను. ఆయన ఇలా చెప్పారు. 2001లో ఆండర్సన్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు కొందరికి జంట పదాలు నేర్పారు. ఒక పదం చూపించి, దాని జోడీని మనసులోకి రానివ్వొద్దన్నారు. అలా పలుమార్లు ఆపిన పదాలు తర్వాత అడిగితే తక్కువగా గుర్తొచ్చాయి. నుదుటి వెనకున్న మెదడు భాగం, జ్ఞాపకాలను పైకి తెచ్చే హిప్పోకాంపస్‌కు పగ్గం వేస్తుందని 2004లో స్కానింగుల్లో కనబడింది.

నేనూ రోజూ ప్రయత్నిస్తున్నా. ఇప్పుడు నిద్ర పడుతోంది. కానీ దూడ మెడలో గంట చప్పుడు గుర్తొస్తే మాత్రం ఆపను. అది నాకు కావాలి.

– 9వ తరగతి విద్యార్థి