దీపములవేళ గోష్ఠి

సభలకు పోయి వచ్చినవారిని అచ్చట మీరు నేర్చుకొన్నదేమి యని యడిగినచో, పెక్కుమంది వేదికమీద విన్నదానిని విడిచి, భోజనపు బల్లయొద్ద విన్నదానిని చెప్పుదురు. ఇది యే వృత్తివారికైనను అనుభవమే. నేను ఇరువది యేండ్లుగా కంప్యూటరు పనితో జీవించుచున్నాను. ఏటేట ఆ వృత్తివారు జరుపుకొను సభలకు పోవుట నాకు తీర్థయాత్ర వంటిది. ఆ సభలలో నాకు మిక్కిలి ప్రియమైన సాయంకాలపు గోష్ఠులను గూర్చియు, వానివలననే నేను పడిన సిగ్గును గూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాను.

పగటివేళ ఈ సభలు ఎల్ల సభలవంటివే. వేదిక, దానిమీద ఒక వక్త, ఎదుట వందలకొలది శ్రోతలు. ప్రసంగము ముగియగానే చప్పట్లు. ప్రశ్నలకు అయిదు నిమిషములు. వెంటనే మరియొక వక్త. చీకటిపడిన తరువాత రంగము మారును. సభాభవనపు నడవలో ఒక పలక యుండును. ఏ విషయమును గూర్చి మాటలాడవలెనని యెవరికి కోరిక కలుగునో, వారు ఆ విషయమును, గదిని, వేళను ఒక చీటిమీద వ్రాసి ఆ పలకకు అంటింతురు. ఇష్టమైనవారు వచ్చి వలయముగా కూర్చుందురు. అధ్యక్షుడు లేడు, పూలదండ లేదు, వందన సమర్పణము లేదు. వీనికి ఆంగ్లములో 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' అని పేరు. ఒకే తీరు ఈకలుగల పక్షులు ఒకచోట వ్రాలునని వారి సామెత. వృత్తివారు ముద్దుగా 'బాఫ్' అందురు. 1975లో పుట్టిన యూసెనిక్స్ అను సంఘమువారి సభలలో ఇవి చిరకాలము రాత్రివేళలనే జరుగుచు వచ్చినవి.

పగలు వేదికమీద నిలిచినవారు తమ గెలుపులను చెప్పుదురు. రాత్రి గదిలో కూర్చున్నవారు తమ యోటములను చెప్పుకొందురు. ఏ యంత్రము ఎట్లు చెడెనో, ఏ తప్పును కనిపెట్టుటకు ఎన్ని రాత్రులు జాగరము చేసిరో దాపరికము లేక చెప్పుదురు. మా వృత్తిలో చేయి తిరుగుట అట్టి మాటలు వినుటవలననే.

ఇట్టి అనధికారపు కూడికలవలన ఫలమేమని యడుగువారికి ఒక్క యుదాహరణము చాలును. 1992 సెప్టెంబరులో ఒకనాటి రాత్రి అమెరికాలోని న్యూజెర్సీలో, ఒక చిన్న భోజనశాలయందు, కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు భోజనమునకు కూర్చుండిరి. లోకములోని లిపులనన్నిటిని యంత్రములో నెట్లు నిలుపవలెనన్నది ఆనాటి చిక్కు. పళ్లెము క్రింద పరచిన కాగితముమీదనే థాంప్సన్ దానికొక పద్ధతిని గీచెను. అదియే యూటీఎఫ్-8. కొలది దినములలోనే వారు బెల్ ప్రయోగశాలలోని తమ ప్లాన్ 9 వ్యవస్థను దానికి మార్చిరి. 1993 జనవరిలో శాన్ డియేగోలో జరిగిన యూసెనిక్స్ సభలో దానిని వెల్లడించిరి. నేడు మనము ఫోనులలో పంపుకొను తెలుగు జాబులు ఆ కాగితముమీద పుట్టిన లెక్కనే యనుసరించి పోవుచున్నవి.

ఇంటర్నెట్టు నియమములను రచించు ఇంజనీర్ల మండలి యొకటి కలదు. దానిని ఐ.ఇ.టి.ఎఫ్. అందురు. 1986 జనవరిలో శాన్ డియేగోలో 21 మందితో అది మొదటిసారి కూడెను. క్రొత్తపని కొక సంఘము నేర్పరుపవచ్చునా యని విచారించు కూటమికి వారును 'బాఫ్' అనియే పేరుపెట్టిరి. దానికిని ముందు పానశాలలో కూర్చుండి మాటలాడుకొను కూటమికి 'బార్ బాఫ్' అని పేరు. అదియు నానాటికి అధికారసభను పోలుచుండుట చూచి, 2012 అక్టోబరులో వారొక పత్రమును ప్రకటించిరి. పెద్ద గుంపులతో మరల సభ చేయుట మేలు కాదనియు, కొద్దిమంది తీరికగా కూర్చుండి మాటలాడుకొనుటయే పనికివచ్చుననియు అందలి సారము. సభలను తీర్చిదిద్దిన వారే సభాలక్షణములు వలదనుచున్నారన్నమాట.

ఇంతవరకు స్తుతి. ఇక నా సంగతి.

నా భార్యయు నేనును ఒకే కళాశాలలో, ఒకే తరగతిలో, ఈ విద్యనే చదివితిమి. పరీక్షలలో ఆమెకే నాకంటె హెచ్చు గుణములు వచ్చెడివి. నేడు వేరొక కార్యాలయములో ఆమెయు ఇదే పని చేయుచున్నది. సభలకు ఇద్దరమును పోవుదుము. పగలు ప్రక్కప్రక్కనే కూర్చుందుము. ఆరు గంటలు కాగానే ఆమె సంచి తీసికొని పాపయొద్దకు పోవును. నేను పలకయొద్దకు పోవుదును. పాప పుట్టినది మొదలు ఆరేండ్లు ఇదియే క్రమము. ఇది యెవరు నిర్ణయించిరో నాకు జ్ఞప్తి లేదు. ఆమెకు ఆ గోష్ఠులయందు అంతగా రుచి లేదని నేననుకొంటిని. అట్లనుకొనుట నాకు సుఖముగా నుండెను గావున, అడిగి తెలిసికొనుటకు పూనుకొనలేదు.

ఒక యేడు బెంగుళూరులో జరిగిన సభకు పోతిమి. నాటి సాయంకాలము పలకమీద భారతీయ లిపులను గూర్చిన చీటి యొకటి కనబడినది. ఆమె దానిని చదివి, "నేడు నేనుందును. పాపకు మీరు పెరుగన్నము పెట్టుడు" అనెను. ఆ రాత్రియే నాకు ప్రియమైన మరియొక విషయమును గూర్చిన గోష్ఠియు నుండెను. కాదనుటకు నోరాడలేదు, మనసు మాత్రము ఒప్పుకొనలేదు.

పాప నాలుగు ముద్దలు తిని నిద్రపోయినది. నేను గడియారము చూచుచు కూర్చుంటిని. మేడక్రింద నడవలో జనము నవ్వుకొనుచు పోవుచుండిరి. ఈపాటికి నా గోష్ఠి ప్రారంభమై యుండును. ఈపాటికి మంచి పట్టులో నుండును. ఈపాటికి ముగిసి యుండును. ఆ రెండు గంటలలో నాకు కలిగిన యుక్రోషము చెప్పరానిది. పిమ్మట లెక్క చూచుకొంటిని. నాకిది ఒక్క రాత్రి. ఆమెకు ఆరేండ్ల రాత్రులు.

పదిగంటలు దాటిన తరువాత ఆమె వచ్చినది. కళాశాల నాటి ముఖము మరల చూచితిని. జరిగినది చెప్పినది. తెలుగు పేర్లు కొన్ని దరఖాస్తులలో చివర తెగిపోయి, అక్షరమునకు బదులు ఏదో గుర్తు పడుచున్నదట. గదిలోని యెనిమిదిమందిలో నేడుగురు అది అచ్చుల దోషమనిరి. ఈమె అది లెక్క దోషమని చూపినది. 'శ్రీలక్ష్మి' అను పేరు మన కంటికి మూడక్షరములు. యంత్రమున కట్లు కాదు. శకారము, పొల్లు, రేఫ, గుడిదీర్ఘము: ఒక్క శ్రీకారమునకే నాలుగు సంకేతములు. మొత్తము పేరునకు 11 సంకేతములు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేత మొక్కొక్కటికి 3 గడులు కావలెను, వెరసి 33. ఆ పేరునే ఆంగ్లాక్షరములలో వ్రాసినచో 10 గడులు చాలును. ఆ దరఖాస్తును కూర్చినవారు పేరునకు 32 గడులిచ్చిరి. కడపటి గుడి తెగిపోయి లక్ష్మి కాస్త లక్ష్మ యగును. ప్రక్కన ప్రశ్నార్థకము నిలుచును.

ఇది నీకెప్పుడు తెలిసెనని యడిగితిని. నాలుగేండ్ల క్రిందట తన కార్యాలయములో ఈ చిక్కునే విప్పితిననెను. "మరి యెవరితోను చెప్పలేదేమి?" అంటిని. "అడుగువారు అడుగు వేళకు నేను గదిలో నుంటిని" అనెను. ఆ మాటలో కోపము లేదు. అందువలననే నాకు నిద్ర పట్టలేదు.

ఆ 32 గడులను నిర్ణయించినవారికి తెలుగువారి పేర్లమీద పగ లేదు. తమ పేరు పట్టినది గావున ఎల్లవారి పేర్లును పట్టుననుకొనిరి. ఈ రాత్రి గోష్ఠులను ఏర్పరచిన మాబోటివారికిని స్త్రీలమీద పగ లేదు. తలుపు తెరచియే యుంచితిమి. కాని ఆ తలుపు తెరచు వేళ ఎవరికి వీలో విచారింపలేదు. పసిబిడ్డల తల్లికి, ఒంటరిగా దూరము పోవలసినదానికి, పానశాలలో కూర్చుండుట కిష్టపడనివారికి తెరచిన తలుపును మూసిన తలుపును ఒక్కటే. ఏ గూటి చిలుక ఆ గూటి పలుకే పలుకునని మన సామెత. ఒకే ఈకల పక్షులు మాత్రమే చేరిన చోట అచ్చుల దోషమను మాటయే యేడు నోళ్ల వినవచ్చుటలో వింత యేమి?

స్త్రీలు దీనికి తామే యొక మార్గము వెదకికొన్న సందర్భమును కలదు. 1987లో అమెరికాలోని ఆస్టిన్ నగరమున ఆపరేటింగ్ సిస్టములను గూర్చిన విద్వత్సభ జరిగెను. అందు స్త్రీలెంత తక్కువగా నున్నారో అనీటా బోర్గ్ అను పండితురాలు గమనించెను. ఉన్న కొద్దిమందియు కలిసికొని మాటలాడుకొనిరి. ఆ పరిచయము 'సిస్టర్స్' అను విద్యుల్లేఖల కూటమిగా పెరిగెను. 1994లో ఆమెయు టెల్ విట్నీయు కలిసి, గ్రేస్ హాపర్ పేర స్త్రీలకే యొక మహాసభను వాషింగ్టనులో నడపిరి. అదియు కొద్దిమంది మాటలాడుకొనుటతోనే మొదలైనది. అయితే పిలువని గోష్ఠికై వేచియుండక, వారే చీటి వ్రాసి అంటించిరి.

ఇప్పుడు కొన్ని సభలవారు బిడ్డలను చూచుటకు గది నేర్పరచుచున్నారు; కొందరు గోష్ఠులను మధ్యాహ్నమునకు మార్చిరి. ఇవి మంచి పనులే. కాని సభవారు చేయవలసినదాని కొరకు ఇంటివారు వేచియుండనక్కరలేదు. మా యింట ఇప్పుడు సభకు పోయినప్పుడు ఒక రాత్రి ఆమెది, ఒక రాత్రి నాది. నా వంతు కాని రాత్రి నాకిప్పటికిని కష్టముగానే యుండును. ఆ కష్టము ఆరేండ్లు ఆమె యొక్కతెయే పడినదని తలచుకొని పాపకు అన్నము కలుపుదును.

చదువరులారా, మీ వృత్తి యేదైనను కానిండు. ఉపాధ్యాయసంఘమో, గ్రంథాలయమో, సాహిత్యసమితియో యగుగాక. మీ యింట దీపములు పెట్టిన తరువాత ఎవరు బయలుదేరుచున్నారో, ఎవరు ఇంట నిలిచిపోవుచున్నారో ఈ సాయంకాలము ఒకసారి చూడుడు. నిలిచిపోయినవారిని కారణ మడుగుడు. రుచి లేదని మీరే యనుకొనకుడు.