అరుగు మీద మానిటరు

మా మాదిగపల్లెలో తోలు పని తెలిసిన ముసలోళ్ళు ఇక ముగ్గురో నలుగురో. లందలు పూడ్చి వాటి మీద ఇళ్ళు కట్టుకున్నాం. మా ఇంటి వంటగది కింద కూడా ఒక లంద వుందంటుంది అమ్మ. ఆ పని ఎట్టాగూ పోయింది, దాని మాటలన్నా మిగలాలని నేను యూనివర్సిటీలో పరిశోధనకి ఆ విషయమే తీసుకున్నాను. ఆరె, రంపె, లంద, తొండం. ఇవి లైబ్రరీలో దొరకవు. దొరికినా పక్కన ఎవరో అయ్యవారి అర్థం వుంటది, మా అర్థం వుండదు. అందుకని ఊరికి పోవాలి, ముసలోళ్ళ ముందు కూర్చోవాలి, చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకోవాలి. నేను పోయేటప్పుడు నా కంప్యూటర్ కూడా నాతో రావాలి. నా కథంతా ఇక్కడే వుంది.

2023లో నా లాప్‌టాప్ కీలు విరిగింది. ఆ విరుపులో తెరకి పోయే తీగ తెగి తెర నల్లబడింది. బాగుచెయ్యడానికి అడిగిన డబ్బు వింటే అది బాగుచేసే ధరలాగా లేదు, ఇంకొకటి కొనే ధరలాగా వుంది. ఫెలోషిప్ ఏడు నెలలుగా రాలేదు. మెస్ బాకీ వుంది. హాస్టల్లో నాకంటే చిన్నోడు ఒకడు, నల్గొండ పిల్లోడు, “అన్నా, లాప్‌టాప్ ముచ్చట ఇడిసిపెట్టు. సికిందరాబాద్ పోదాం పా” అన్నాడు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి తీసకపోయాడు.

ఆడ చూశాను మొదటిసారి ఆ పెట్టెని. పెద్ద ఆఫీసులు కొన్నేళ్ళు వాడి వదిలేస్తే పాత సామాను బజారుకి వచ్చే చిన్న డెస్క్‌టాప్. పొడుగూ వెడల్పూ 18 సెంటీమీటర్లు, మందం మూడున్నర. బరువు కిలో మూడొందల గ్రాములు. ఆఫీసుల్లో దీన్ని మానిటర్ వెనకాల బిగించేస్తారంట, బల్ల మీద కనపడకుండా. లోపల మెమరీ లాప్‌టాప్‌లో వేసేదే. కరెంటు కూడా లాప్‌టాప్‌కి వున్నట్టే బయట అడాప్టర్ నుంచి వస్తది. తెర లేదు, కీబోర్డు లేదు, బ్యాటరీ లేదు. ఐ5 ఆరో తరం ప్రాసెసర్, 8 జీబీ మెమరీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. బేరమాడి 11,000కి తెచ్చుకున్నాను. ఆ డబ్బుకి ఆ పని చేసే లాప్‌టాప్ ఆ బజారులో నాకు కనపళ్ళేదు.

దాంట్లో విండోస్ 10 వేసిచ్చాడు. ఆరో తరాన్ని విండోస్ 11 ఒప్పుకోదు, ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. యంత్రం నిక్షేపంగా వున్నా నువ్వు పనికిరావు పో అనడం మాకేం కొత్త కాదు గాబట్టి నాకు ఆశ్చర్యం అనిపించలా. లినక్స్ వేసుకున్నాను. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే వుంది. లిబ్రె ఆఫీస్‌లో రాసుకుంటాను.

పెట్టె, అడాప్టర్, కీబోర్డు, మౌసు, తీగలు అన్నీ సంచిలో వేస్తే రెండున్నర కిలోలు తేలింది. అంటే లాప్‌టాప్ కన్నా తేలికేం కాదు. తెచ్చినందుకు గేటు కాడ సెక్యూరిటీ ఆయన “ఏంది, సెట్‌టాప్ బాక్స్ ఎత్తకపోతన్నావా?” అన్నాడు. సెమినార్‌కి పట్టుకుపోయి ప్రొజెక్టర్‌కి తగిలిస్తుంటే ఒకాయన “టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకున్నారే!” అని నవ్వాడు. చుట్టూ వున్నోళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. అట్టాంటిచోట నవ్వడం మనకి చిన్నప్పుడే అలవాటైన విద్య. 1981లో ఆస్‌బోర్న్ అనే కంప్యూటర్ని ‘మోసుకుపోయే కంప్యూటర్’ అని అమ్మారు. బరువు 11 కిలోలు, అయిదంగుళాల తెర, గోడ సాకెట్ లేకపోతే పలకదు. దాన్ని మోసినోళ్ళని చూసి ఎవరూ నవ్వలేదేమో, వాళ్ళు సూట్లేసుకున్నోళ్ళు.

యూనివర్సిటీలో ఇబ్బంది లేదు. రూములో సగం పగిలిన పాత మానిటర్ వుంది, డిపార్ట్‌మెంట్ లాబ్‌లో వున్నాయి, విద్యార్థి సంఘం గదిలో ఒకటుంది. పెట్టె పట్టుకుపోవడం, తగిలించుకోవడం. తెర నాది కాదు, రాసింది నాది. ఇది బాగానే వుందనుకున్నాను. ఊరికి పోయేదాకా.

2024 సంక్రాంతికి పోయాను. పెదనాయన ఇంట్లో 32 అంగుళాల టీవీ వుంది, దానికి తగిలిద్దామని హెచ్‌డీఎంఐ తీగ కొని పట్టుకుపోయాను. సంచి విప్పి చూస్తే తీగ టీవీకి ఎక్కింది గాని పెట్టెకి ఎక్కలా. పెట్టెకున్నవి రెండూ డిస్‌ప్లే పోర్టులు. చూడ్డానికి దగ్గర దగ్గరగానే వుంటాయి, ఒక మూల తేడా. ఏడాదిగా వాడుతూ ఆ సంగతి పట్టించుకోకపోవడం నా తెలివితక్కువ. హాస్టల్ మానిటర్‌కి వున్న తీగ అక్కడే వదిలేసి వచ్చాను. పండగపూట నర్సరావుపేటలో కొట్లు తీసుండవు. ముసలోళ్ళేమో కూర్చుని వున్నారు.

ఈ సంగతి ఊళ్ళో మాస్టారి చెవిన పడింది. నాకు ఆరు, ఏడు చెప్పినాయన. రిటైరయ్యాడు. మంచోడే, నాకు పదో తరగతి పరీక్షలకి పెన్ను కొనిచ్చాడు. “ఏరా అబ్బాయ్, మావాడు కరోనాలో ఇంటినుంచి ఉద్యోగం చెయ్యడానికి కొన్న మానిటర్ వుంది, నువ్వు చెప్పే తీగ కూడా వుందనుకుంటా, వచ్చి చేసుకో” అని కబురంపాడు. నాకు సంతోషమేసింది. సంచి భుజానేసుకుని ఊళ్ళోకి పోయాను.

గుమ్మం దాకా పోయి నిలబడ్డాను. మాస్టారు లోపల్నుంచి “ఆగరా, ఆగరా, నేనే తెస్తున్నా” అన్నాడు. 24 అంగుళాల మానిటర్, స్టాండుతో సహా, రెండు చేతుల్తో పొట్టకి ఆనించుకుని, అడ్డంగా నడుచుకుంటా గడప దాటి వచ్చి అరుగు మీద పెట్టాడు. వగరుస్తున్నాడు. మళ్ళీ లోపలికి పోయి తీగ తెచ్చాడు. మళ్ళీ పోయి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు అందించాడు. మూడు తిరుగుళ్ళు తిరిగాడు డెబ్బయ్యేళ్ళ మనిషి. “లోపల ఉక్కగా వుంటదిరా” అన్నాడు. జనవరి అది.

అరుగు మీద రెండు గంటలు చేశాను. ఎండ పడి తెర మీద నా మొహమే కనపడతాంది గాని అక్షరం కనపడలా. వీధిన పోయేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. టీ వచ్చింది. మాస్టారిది స్టీలు గ్లాసు, నాది కాగితం కప్పు. రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని పోస్టర్లు రాశానో నేను, కాగితం కప్పుని ఏమనాలో మాత్రం నాకు ఆ పూట తోచలా. తాగాను. అంతలో కరెంటు పోయింది. ఈ పెట్టెకి బ్యాటరీ లేదని చెప్పాను గదా, లాప్‌టాప్‌లాగా ఓర్చుకోదు, తీగ పీకితే ప్రాణం పోయినట్టే. లిబ్రె ఆఫీస్ పది నిమిషాలకోసారి దాచుకునేట్టు వుంది. పోయినకాడికి పోయింది. ఇప్పుడు ఒక నిమిషానికి మార్చుకున్నాను. ఇట్టాంటి పెట్టె వాడేవాళ్ళు మొదట చెయ్యాల్సిన పని అది. 20 వోల్టులిచ్చే పవర్ బ్యాంక్‌తో దీన్ని నడిపేవాళ్ళు వున్నారంట. నాకు ఆ డబ్బు కుదరలా.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ అంతా విని ఒకటే అడిగింది.

“ఎంత బరువుంటదిరా ఆ మానిటరు?”

“నాలుగయిదు కిలోలుంటదమ్మా.”

“నడుం నొప్పని చెంబు కూడా ఎత్తనాయన, దాన్ని మోసకొచ్చాడా! నిన్ను లోపలికి పిలిస్తే నీ కాళ్ళే వచ్చేయి గదరా” అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలా.

కనుమ వెళ్ళాక నర్సరావుపేట పోయి తీగ తెచ్చాను. 350 రూపాయలు. కొట్టు ఆయనకి రెండుసార్లు చెప్పి తీసుకున్నాను. పెట్టె వైపు డిస్‌ప్లే పోర్ట్, టీవీ వైపు హెచ్‌డీఎంఐ. ఈ తీగ ఒకవైపే పనిచేస్తది, తిరగేస్తే పలకదు. ఆ రాత్రి పెదనాయన ఇంట్లో టీవీకి తగిలించాను. అంచులు కోసేసినట్టు వుంటే టీవీ సెట్టింగుల్లోకి పోయి సరిచేశాను. అక్షరాలు కాస్త మసక, కాని పెద్దగా గోడ నిండా పరుచుకున్నట్టు వున్నాయి.

వదినకి ఏడున్నరకి సీరియల్. “ఏడున్నర కాగానే తీగ పీకెయ్ మరిదీ” అని షరతు పెట్టింది. సీరియల్ చూడ్డానికి వచ్చే ఆడవాళ్ళంతా ముందే వచ్చి కూర్చున్నారు. పదో తరగతి చదివే పెదనాయన మనవరాలు నా అధ్యాయం పైకి చదవడం మొదలుపెట్టింది. “పచ్చితోలును సున్నపు నీటిలో నానబెట్టి, వెంట్రుకలు తొలగించి, తంగేడు చెక్కతో పదును చేస్తారు.”

“ఆగు” అన్నాడు పెదనాయన. ఆయనకి చదువు రాదు. “చేత్తారు అంటే ఎవురు? పేరు లేదా వాళ్ళకి?”

“మనవాళ్ళు పెదనాయనా.”

“మనవాళ్ళు ఎవురు?”

వెనకనించి అమ్మ అందుకుంది. “బొచ్చు గీకింది మేం. ఏట్లో తొక్కి కడిగింది మేం. సున్నానికి మా చేతులు పుళ్ళు పడితే వాటితోటే పిల్లలకి బువ్వ కలిపాం. మొగోళ్ళు కుట్టేకాడికి వచ్చారు. నువ్వు రాసినదాంట్లో ఒక్క ఆడకూతురు లేదేందిరా?”

నూటయాభై పేజీలు రాశాను అప్పటికి. లేదు. నిజంగానే లేదు.

పిల్ల ఇంకా చదివింది. ఒకచోట “లందల పరిసరాల్లో దుర్వాసన” అని వుంది. అది నేను ఒక పుస్తకంలోంచి ఎత్తిన మాట, ఎత్తానన్న గుర్తు కూడా లేదు. ఇల్లంతా గమ్మున అయిపోయింది. అమ్మ లేచి టీవీ దగ్గరికి వచ్చింది. అమ్మకి అక్షరాలు రావు, ఆ మాట ఎక్కడుందో పిల్లనడిగి వేలు పెట్టి చూపించుకుంది. “ఇది తీసెయ్. ఇది ముక్కు మూసుకుని మన పల్లె దాటిపోయినోళ్ళ మాట. నువ్వు పుట్టింది ఆ పక్కనే, ఏనాడన్నా ముక్కు మూసుకున్నావా?”

ఇరవైమంది చూస్తుండగా ఆ మాట కొట్టేశాను. గోడ మీద ఒక్కొక్క అక్షరమే వెనక్కి పోతుంటే అందరూ చూశారు. లాప్‌టాప్ అయితే ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చునేవాణ్ణి, తెర నా మొహానికే వుండేది. వాళ్ళు చెప్పింది రాసుకుని మూసేసి హైదరాబాద్ బస్సెక్కేవాణ్ణి. ఆ మాట థీసిస్‌లో అచ్చయ్యేది కూడా.

సీరియల్ ఆ రోజు పావుగంట ఆలస్యంగా పెట్టారు. వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ తర్వాత నాలుగుసార్లు పోయాను సంచితో. ఆడవాళ్ళ పని మీద అధ్యాయం ఒకటి కొత్తగా రాశాను, అది సగం అమ్మ మాటలే. పాత ఫెలోషిప్ డబ్బు 2025లో ఒక్కసారే వచ్చింది. ఇప్పుడన్నా లాప్‌టాప్ కొనమంటున్నారు హాస్టల్ పిల్లలు. కొంటాను, రైల్లో రాసుకోవడానికి కావాలి, అరుగుల మీద కూర్చునే ఓపిక నాకు లేదు. మొన్న రాత్రి పెదనాయన ఫోన్ చేశాడు. మోటబావి తొండం కుట్టేకాడ ఒక మాట తప్పు చెప్పాడంట, రాత్రి పడుకున్నాక గుర్తొచ్చిందంట. ఫోన్లోనే చెప్పు రాసుకుంటా అన్నాను.

“ఫోన్లో ఎట్టారా? మీ అమ్మా వాళ్ళూ కూడా చూడాల గదా. ఆదివారం రా. ఆ తీగ మర్చిపోమాక.”