మా వాకిలి గోడ

మా ఊళ్ళో మెరకంతా ఊరిది, పల్లమంతా మాది. ఏలూరు నుంచి కొల్లేటి వైపు ఏ ఊరికెళ్ళినా ఇదే వరస. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు కొల్లేట్లోకి దిగుతాయి. కొల్లేరు నిండితే సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారి చాలనప్పుడల్లా నీళ్ళు వెనక్కెక్కి ముందు పలకరించేది మాలపల్లినే.

అమ్మ పేరున పట్టా వచ్చిన రెండు సెంట్లు రోడ్డు గట్టు నుంచి మురుగుకాలవ దాకా జారుతూ ఉంటాయి. గుమ్మానికీ కాలవకీ మధ్య నాలుగడుగుల వాలు. నల్లమట్టి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తది, వానాకాలం ఉబ్బి జారిపోద్ది. ఏటా జానెడు వాకిలి కాలవ పాలయ్యేది. అమ్మ పొయ్యి ఏటేటా ఇంటిగోడ దగ్గరికి జరిగేది.

మా అయ్య మట్టిపని మనిషి. 1976లో ప్రభుత్వం కొల్లేట్లో మత్స్యకార, హరిజన సొసైటీలకి (ఆ రోజుల మాట అది) చేపల చెరువులిచ్చింది. అప్పట్నుంచి పెద్దోళ్ళ చెరువుల దాకా ఎన్ని గట్లకి తట్ట మోశాడో. గోతి మధ్య కొలతకి వొదిలిన మట్టి దిమ్మె చూసి ఎంత తవ్వారో నోటిలెక్కన చెప్పేవోడు. వందల ఎకరాలకి గట్టేసినోడి వాకిలికి గట్టు లేదు.

తాడేపల్లిగూడెంలో టీచరుద్యోగం వచ్చాక నా మొదటి అప్పు ఈ గోడకే. చదువుకున్నోణ్ణి కదా, అయ్యనడగలేదు. మేస్త్రీ ఇటుక చవకన్నాడు. తొమ్మిదంగుళాల గోడ నిటారుగా లేపించి, వెనక ఆ నల్లమట్టే నింపించి, నున్నగా పూత పూయించాను. అయ్య చూసి "నీళ్ళకి దారేదిరా?" అన్నాడు. అంతే.

1996 నవంబరు తుఫాను రాత్రి, అప్పటికే తడిసున్న మట్టి ఇంకా నీళ్ళు తాగి గోడని తోసేసింది. తెల్లారేసరికి కాలవలో బోర్లాపడుంది. ఓ ఆసామి రోడ్డు మీద ఆగి "పల్లోళ్ళకి గోడలెందుకురా?" అని నవ్వాడు. గోడ పడ్డందుకు రాని ఏడుపు ఆ మాటకొచ్చింది.

మళ్ళీ కట్టాం. ఈసారి మేస్త్రీ మా అయ్యే. మెట్ట నుంచి రాయి తెప్పించాడు. గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వించాడు. అడుగున రెండున్నరడుగుల వెడల్పు, పైన అడుగున్నర, కాస్త ఇంటివైపు వాలుగా. నాలుగడుగులకో పైపుముక్క బయటికి వొంచి పెట్టించాడు. గోడ వెనక నల్లమట్టి పడనివ్వలేదు. రాళ్ళముక్కలు, కంకర, ఆ పైన గ్రావెలు.

"గోడ మట్టినాపాలిరా, నీళ్ళనాపకూడదు. ఆపితే ఎప్పటికైనా తోసుకునే పోద్ది."

1999లో కొల్లేటిని అభయారణ్యమన్నారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుగట్లు కొట్టేశారు. పెద్దోళ్ళవీ పోయాయి, మావాళ్ళ సొసైటీలవీ పోయాయి. పెద్దోళ్ళకి వేరేచోట పొలాలున్నాయి. మావాళ్ళకి తట్ట మిగిలింది. నీళ్ళకి అడ్డంగా గట్లెయ్యమన్నదెవరు, మోసిందెవరు, పోగొట్టుకుందెవరు? అయ్య ఆ పూట అన్నం తినలేదు.

ఆయన పోయింది కూడా వానల్లోనే. వాకిట్లోనే పడుకోబెట్టాం. పేటంతా వచ్చి నిలబడ్డా నేల జారలేదు. పైపుల్లోంచి నీళ్ళు ధారగా కాలవలోకి పోతానే ఉన్నాయి.

అమ్మ పొయ్యి మళ్ళీ ముందుకి జరిగింది. ఆ ఊళ్ళో మేం కాలు నిలదొక్కుకున్న నేల అంతే. అదీ ఎవరో ఇచ్చింది కాదు, మా అయ్య నిలబెట్టింది.