ఆయన మేడ మీద నిలబడి విన్న పాట



సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చిన శనివారం సాయంత్రం నేనూ, నాతో బీఈడీ చదివిన ముగ్గురు స్నేహితురాళ్లూ విజయవాడలో ఒక రాక్ కన్సర్ట్‌కి వెళ్లాం. సోమవారం స్కూల్ గేటు దగ్గర ఒక విద్యార్థి వాళ్ల అమ్మగారు నన్ను ఆపి, "స్టేటస్‌లో చూశాను మేడమ్, మీరు కూడా ఆ గోలకి వెళ్తారా?" అని నవ్వుతూ అడిగారు. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే మీ అందరికీ ఇక్కడ చెబుతున్నాను.

మేం విన్నది ఇండీ రాక్. ఇండీ అంటే ఇండిపెండెంట్‌కి పొట్టి పేరు. సినిమా కోసం కాకుండా, పెద్ద కంపెనీల డబ్బు లేకుండా, తమ పాట తామే రాసుకుని, బాణీ కట్టుకుని పాడేవాళ్లన్నమాట. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్ ఈ దారిలో మన దేశంలో బాగా పేరున్న బ్యాండ్. తెలుగులో హైదరాబాద్ నుంచి వచ్చిన చౌరస్తా ఉంది. 2020లో కరోనా మొదలైన రోజుల్లో వాళ్లు చేసిన జాగ్రత్తల పాట మీలో చాలామంది ఫోన్లకు వచ్చే ఉంటుంది. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల గారే తర్వాత ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడారు.

ఇదంతా కొత్త ఫ్యాషన్ అనుకోనక్కర్లేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మన తాతయ్యలు, అమ్మమ్మలు అందులో విన్న లలిత గీతాలు సినిమా పాటలు కావు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివాళ్లు రేడియో కోసమే పాటలు రాసి బాణీలు కట్టారు. గిటారూ డ్రమ్సూ కొత్తవి కావచ్చు గానీ, సినిమాతో పని లేకుండా తెలుగు పాట పుట్టడం బెజవాడకి పాత అలవాటే.

మేం వెళ్లింది పెద్ద స్టేడియానికి కాదు. ఒక కాఫీ షాపు మేడ మీద డెబ్బై దాకా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కాఫీతో కలిపి టికెట్ 250 రూపాయలు. బ్యాండ్‌లో నలుగురు కుర్రాళ్లు. డ్రమ్స్ వాయించే అబ్బాయి పగలు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్‌లో పని చేస్తాడట. బేస్ గిటార్ అబ్బాయి బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్నాడు. పాడే అబ్బాయిది డిగ్రీ ఆఖరి సంవత్సరం.

మొదటి అరగంట అందరికీ తెలిసిన ఇంగ్లిష్, హిందీ పాటలు పాడారు. జనం చప్పట్లు కొడుతూనే ఫోన్లు చూసుకుంటున్నారు. అప్పుడా అబ్బాయి మైకు దగ్గరికి వచ్చి, "ఇప్పుడు మా సింగ్‌నగర్ పాట" అన్నాడు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మీకు చెప్పక్కర్లేదు. కొండపల్లిలో ఉండే మాకు బుడమేరు పరాయిదేమీ కాదు. గండ్లు పడింది మా వైపే. పాటలో వరద గురించి పెద్ద మాటలేమీ లేవు. నీళ్లు తీశాక ఒక అమ్మ డాబా మీద తడిసిన సర్టిఫికెట్లు ఆరబెడుతుంది. ఎగిరిపోకుండా ఒక్కో కాగితం మీదా ఒక్కో రాయి పెడుతుంది. పాటంతా అంతే.

రెండో చరణంలో అబ్బాయి గొంతు పూడుకుపోయింది. మాట మర్చిపోయాడు. గిటార్ ఆగింది. "సారీ అండీ, మళ్లీ మొదలుపెడతాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వెనక గోడ దగ్గర నిలబడి ఉన్న ఒకాయన "పాడు నాన్నా" అన్నారు గట్టిగా. అబ్బాయి మళ్లీ మొదటినుంచీ పాడాడు. ఈసారి ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు.

అయిపోయాక మెట్ల దగ్గర ఆయనతో మాట్లాడాం. ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారు. ఆర్టీసీలో డ్రైవర్, డ్యూటీ దిగి నేరుగా వచ్చారట. ఆయన అన్నమాట మా నలుగురికీ ఇప్పటికీ గుర్తే. "నాకీ వాయింపుడు అర్థం కాదమ్మా. వాడి ఉద్యోగం గురించి నాకూ బెంగే. కానీ ఆ కాగితాలు ఆరబెట్టింది మా ఇంటావిడ. వాడు చూస్తున్నాడని మాకు తెలీదు."

మీకు చెప్పాలనుకున్నది ఈ మాటే. పిల్లలు చూస్తూనే ఉంటారు. ఏం చూశారో ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో కనబడదు. వాళ్లు సొంతంగా ఏదైనా చేసినప్పుడు మాత్రమే బయటపడుతుంది.

ఆ వారం నేను తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో ఒక పని ఇచ్చాను. ఇంట్లో చూసింది, ఎవరికీ చెప్పనిది, ఎనిమిది లైన్లలో రాయాలి. ముందు తెలుగులో రాసినా సరే, తర్వాత ఇంగ్లిష్‌లోకి తెద్దాం అన్నాను. మొదటి ప్రశ్న "మార్కులెన్ని మేడమ్?" లేవని చెప్పాను. కాసేపు ఎవరూ పెన్ను పట్టలేదు. తర్వాత పట్టారు.

వాళ్ల అనుమతితోనే, పేర్లు లేకుండా రెండు చెబుతాను. ఒక అబ్బాయి రాసింది వాళ్ల నాన్న గురించి. థర్మల్ స్టేషన్‌లో సెకండ్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి, ఎవరికీ నిద్ర పాడవకూడదని లైటు వేయకుండా అన్నం తింటారట. ఒక అమ్మాయి రాసింది కొండపల్లి బొమ్మలు చేసే వాళ్ల అమ్మమ్మ గురించి. పొనికి కర్ర పొట్టూ చింతగింజల పొడీ కలిపిన మక్కుతో బొమ్మకి చేతులు అతికించే అమ్మమ్మ, తన వేళ్ల పగుళ్లకి మాత్రం ఏమీ రాసుకోదట. మక్కుని ఇంగ్లిష్‌లో ఏమంటారని అడిగింది. మాట అలాగే ఉంచి, తెలియనివాళ్లకి అర్థమయ్యేలా ఒక వాక్యం రాయమన్నాను. పది నిమిషాలు కుస్తీ పట్టింది. ఈ ఏడాది తను సొంతంగా రాసిన అతి పొడవైన ఇంగ్లిష్ వాక్యం అదే.

"ఇది సిలబస్‌లో ఉందా?" అని పీటీఎంలో ఒక నాన్నగారు అడిగారు. లేదు. ఫీజులూ, ఫౌండేషన్ క్లాసులూ, రేపటి సీటూ... మీ బెంగ నాకు తెలుసు. చదువు మానేసి గిటార్ పట్టుకోమని నేను చెప్పడం లేదు. అయితే చెప్పడానికి తనదంటూ ఏదో ఉన్న పిల్లకి భాష త్వరగా పట్టుబడుతుంది. అది నేను క్లాసులో కళ్లారా చూస్తున్నాను.

పెద్ద పిల్లలు ఇలాంటి కచేరీకి వెళ్తామంటే మీరూ తోడు వెళ్లండి. స్పీకర్లకి దూరంగా కూర్చోండి. వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ మందుల షాపులో దొరుకుతాయి. ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న నిబంధన ఉంది కాబట్టి మేమూ ఆ వేళకే బయటపడి, నలుగురం కలిసి ఒకే ఆటోలో ఇళ్లకు చేరాం.

ఇంట్లో మాత్రం ఈ నెల ఒక్క పని చేయండి. మీ బాబుగానీ పాపగానీ సొంతంగా రాసిందో, గీసిందో, కూనిరాగం తీసిందో ఏదైనా ఉంటే చూపించమని అడగండి. పూర్తయ్యేదాకా తప్పులు దిద్దకండి. వీడియో తీసి గ్రూపులో పెట్టకండి. మధ్యలో తడబడితే, మళ్లీ మొదలుపెట్టమనండి. మీరు అక్కడే ఉండండి.